అనంతమ్మ పూడిపించిన గుంత

మామిడిపల్లి అనంతమ్మకు యారాలు సత్తెమ్మ అంటే కడుపుమంట. దాచుకునే రకం కాదు కనుక ఊరందరికీ తెలుసు. మరిది పెళ్ళాం కొత్త చీర కడితే ఈమెకు ఆ పూట అన్నం సహించదు. ఎదురింట్లో ఉన్న పాపానికి ఆ సణుగుడంతా నేనే వినాల్సి వచ్చేది.

అన్నదమ్ముల మెట్టచెలకలు పక్కపక్కనే. ఎయిర్‌పోర్టు కడుతున్న రోజుల్లో ఎక్కడ చూసినా రాయికి గిరాకీ. ఇద్దరూ చెరొక క్వారీ కంపెనీకి లీజుకిచ్చారు. రాయి తీశాక గుంత పూడ్చి, పైన మట్టి పరిచి, దున్నుకునే నేలగా చేసి అప్పగించాలని ఒప్పందం. సత్తెమ్మ వైపు కంపెనీ 2009లో మాట ప్రకారం పూడ్చి వెళ్ళింది. అనంతమ్మ వైపు కంపెనీ ఏళ్ళ తరబడి లెక్కలు దాఖలు చేయక, ప్రభుత్వ రిజిస్టరులోంచి పేరే కొట్టేయించుకుంది. ఆమెకు మిగిలింది గుంత, దాని నిండా నీళ్ళు.

సత్తెమ్మ తన బావి కింద టమాట, బెండ వేసింది. ఎండాకాలంలో చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా ఆ తోట పచ్చగానే ఉండేది. అనంతమ్మ రోజూ పొద్దున్నే గుంత గట్టు మీద నిలబడి ఆ తోటను చూసి కళ్ళలో నిప్పులు పోసుకునేది.

“నీళ్ళన్న ఉన్నయి గద, బర్లు తాగుతున్నయి. పోనియ్యి,” అన్నాడు మొగుడు కుర్మయ్య.

“ఆమెకు తోట, నాకు మడుగా?” అంది అనంతమ్మ. మర్నాడే శంషాబాద్‌లో ఆనందం వకీలు దగ్గరికి పోయింది.

“కంపెనీనే లేదమ్మా. లేనిదాని మీద కేసెట్ల ఏస్తం?” అన్నాడాయన. “ముందు హైకోర్టుకు పోయి దాని పేరు మళ్ళ రిజిస్టరుల ఎక్కియ్యాలె. ఎక్కిందంటే, అసలు ఎన్నడూ కొట్టెయ్యనట్టే లెక్క. గుంత పూడ్చే బాధ్యత గూడ మళ్ళ దాని మెడకే పడ్తది.”

“సచ్చినోళ్ళను లేపుడా సార్?”

“మనుషుల ముచ్చట వేరే. కంపెనీని లేపొచ్చు.”

లేపించింది. అందుకు రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. మొండితనంలో ఆమెకు సాటి లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. బతికొచ్చిన కంపెనీ నోటీసులకు జడిసి 2013 వేసవిలో లారీలు పంపింది.

మొదటి లారీ గట్టెక్కుతుండగా సత్తెమ్మ చెప్పులైనా లేకుండా ఉరికొచ్చింది.

“అక్కా, జర ఆగు. నీ గుంతల నీళ్ళే నా బాయిల ఊరుతున్నయి. పూడిపిస్తే నా తోట ఎండిపోతది. నీళ్ళు ఇద్దరం వాడుకుందాం. గుంతకవతల నీకు మిగిలిన చెలకకు పైపు నేనే ఏపిస్త.”

ఇన్నేళ్ళు అనంతమ్మ ఏడ్చింది తన నీళ్ళను చూసేనన్నమాట. ఇంకొకరైతే అక్కడ పొంగిపోయేవాళ్ళు. ఈమెకు మంట రెట్టింపైంది.

“ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు అడ్డం పడ్తవని భయమైంది.”

“మంచిగనే ఎరుకైంది నీకు,” అని అనంతమ్మ డ్రైవర్ వైపు తిరిగింది. “పొయ్యన్నా.”

పోశారు. అడుగున క్వారీ రాళ్ళు, పైన బయటినుంచి తెచ్చిన మొరం మట్టి. కొలతలు కాగితం ప్రకారమే ఉన్నాయి. ఆ వానాకాలం అనంతమ్మ జొన్న వేసింది. పడిన వాన పడినట్టే రాళ్ళ సందుల్లోకి జారిపోయింది. జొన్న జానెడు లేచి మాడిపోయింది. మరుసటి ఎండాకాలానికి సత్తెమ్మ బావి అడుగు కనిపించింది, తోట కట్టెలైంది. సత్తెమ్మ బోరున ఏడవలేదు, తగవుకూ రాలేదు. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి కుదిరి, పొద్దున పోయి చీకటిపడ్డాక రావడం మొదలుపెట్టింది.

గెలిచినందుకు అనంతమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె ఇంట్లోంచి బయటికే రావడం తగ్గించింది. ఒకరోజు నన్ను తోడు రమ్మని మళ్ళీ ఆనందం వకీలు దగ్గరికి తీసుకుపోయింది.

“సార్, గా గుంత మళ్ళ తవ్వియ్యాలంటే కాయితం ఎక్కడ పెట్టాలె?”

వకీలు కళ్ళద్దాలు తీసి ఆమెను చూశాడు. “పూడిపించిందే నువ్వు గదమ్మా. మళ్ళెందుకు?”

అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పొద్దున లేస్తే ఆమె తోట చూసేదాన్ని సార్. ఇప్పుడు చూసెటందుకు ఏం లేదు.”