లెక్కలోంచి తీసేసిన స్లైడ్లు

పరకాల దగ్గరి కూలి కుటుంబంలో పుట్టిన వినోద పంతొమ్మిదేళ్లుగా మైక్రోస్కోపు ముందే కూర్చుంటోంది. తెమడ స్లైడు మీద, నీలి రంగు మధ్య ఎర్రటి సన్నని పుల్లల్లా కనిపించే క్షయ క్రిములను వెతకడం ఆమె పని. మెడనొప్పి, కళ్లమంట ఆ ఉద్యోగంతో వచ్చినవే.

రెండేళ్ల కింద మడికొండలోని ఒక పరిశోధన సంస్థ ఆమెను తీసుకుంది. స్లైడు ఫోటో చూసి కంప్యూటరే క్రిములను పట్టాలట. దానికి నేర్పాల్సింది వినోద. తొమ్మిది వేల ఫోటోల్లో ఒక్కో క్రిమి చుట్టూ మౌస్‌తో గీత గీసింది. ఇక దవాఖానల్లో ఎవరి కళ్లూ పాడుకావని సంతోషంగానే గీసింది.

తర్వాత రెండు వేల మూడు వందల కొత్త స్లైడ్లతో యంత్రాన్ని పరీక్షించారు. తెమడ మందంగా పూసిన నాలుగు వందల పన్నెండింటిలో క్రిములున్నా లేవని చెప్పింది. వినోద వాటన్నిటినీ మళ్లీ చూసి, జాబితా రాసి, ప్రాజెక్టు పెద్ద రమాకాంత్‌కు ఇచ్చింది. వారం తర్వాత నివేదికలో ఆ స్లైడ్లే లేవు. స్పష్టంగా లేవని తీసేసి, కచ్చితత్వం తొంభై ఎనిమిది శాతమని రాశారు.

ఆమెకు ఒళ్లు మండింది. వాటిలో ధర్మసాగర్ ఊరి చిలుకమ్మది ఒకటి. మూడు నెలలుగా దగ్గుతూ, కూలి మానుకుని సంస్థకు వచ్చి, తెమడ వినోద చేతికే ఇచ్చింది. వినోద కళ్లతో చూసింది కాబట్టి మందులు మొదలయ్యాయి. యంత్రాన్ని నమ్మి ఉంటే?

నిధులిచ్చినవాళ్లు వచ్చిన రోజు రమాకాంత్ తెర మీద ఆ తొంభై ఎనిమిది చూపిస్తుంటే, వెనక వరసలోంచి వినోద లేచింది.

"సార్, తీసేసిన నాలుగు వందల మంది సంగతి గూడ చెప్పుండ్రి."

అవి ఖరాబ్ ఫోటోలని, తర్వాత మాట్లాడదామని ఆయన అన్నాడు.

"ఖరాబ్ గాదు సార్. నాకు కనవడ్డయి, మిషన్‌కు కనవడలే. గది రాయకుంటే, రేపు రోగమున్నోళ్లను ఏం లేదని ఇంటికి పంపుతది."

వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ వినోదను అడిగి ఆ స్లైడ్ల జాబితా తీసుకుంది.

నెల తిరక్కుండా స్లైడ్లన్నీ లెక్కలోకి వచ్చాయి. కచ్చితత్వం ఎనభైకి దిగింది. యంత్రాన్ని పల్లెలకు పంపడం ఆగింది. వినోదను మాత్రం స్లైడ్లకు రంగులద్దే గదికి మార్చారు. ఆ యంత్రం గురించి అచ్చయిన పరిశోధన వ్యాసంలో రాసినవాళ్లుగా పదకొండు పేర్లున్నాయి, ఆమెది లేదు. క్రిములను నిపుణులు గుర్తించారని ఒక్క వాక్యం ఉంది. వినోద ఆ పేజీ ప్రింటు తీసి, ఆ వాక్యం కింద తన పేరూ ఊరూ పెన్నుతో రాసి, నోటీసు బోర్డుకు గుచ్చింది.