బ్రిడ్జి చాయ్

పాల్వంచలో ఒకప్పుడు కారు కొన్నవాడు రెండు చోట్లకు తప్పకుండా వెళ్లేవాడు. ముందు జగన్నాథపురం పెద్దమ్మ గుడికి, తర్వాత మక్సూద్ షెడ్డుకి. గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కిస్తే కారుకి దిష్టి పోతుంది. మక్సూద్ చేతిలో పడితే దానికి ఊపు వస్తుంది. కంపెనీ వాళ్లు ఎలా బిగించి పంపినా సరే, ఆయన కార్బొరేటర్ విప్పి, గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు మార్చి, బానెట్ మూసి, "ఇగ తోలు" అనేవాడు. ఖమ్మం కుర్రాళ్లు కూడా వచ్చి ఆయన షెడ్డు ముందు గంటలకొద్దీ కూర్చునేవారు.

మక్సూద్ తండ్రి బీడీ ఆకు లారీలకు మెకానిక్. దుమ్ముగూడెం అడవుల్లో లారీ ఆగిపోతే సైకిల్ మీద వెళ్లి బాగు చేసి వచ్చేవాడు. కొడుక్కి ఆయన మిగిల్చిన ఆస్తి ఒక పొడవాటి స్క్రూడ్రైవర్. దాని మొన ఇంజన్‌కి ఆనించి, చెక్క పిడి చెవి వెనక ఎముకకి ఆనించి వినాలి. ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగ్ అరిగిందో అదే చెబుతుంది. మక్సూద్ జీవితమంతా ఆ చెవి మీదే నడిచింది. కొంచెం పొగరూ ఉండేదనుకోండి. మీటర్లు తెచ్చి చూపించేవాళ్లను చూస్తే ఆయనకి నవ్వొచ్చేది.

ఆ షెడ్డుకి ఒక కట్టుబాటు ఉండేది. ఇంజన్ విప్పిన కారు తాళం యజమానికి అక్కడ ఇచ్చేవాడు కాదు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అడవి రోడ్డు మీద కారుని ఉన్న శక్తంతా లాగించి, సారపాక దాకా తీసుకెళ్లేవాడు. భద్రాచలం బ్రిడ్జి ఎక్కకముందు నాగక్క చాయ్ కొట్టు ఉంది. నాగక్క గ్లాసులు కడుగుతూ ప్రతిసారీ ఒకే మాట అడిగేది: "ఏం భాయ్, ఇంజన్ ఎట్ల మోగుతుంది?" మక్సూద్ చాయ్ ఊదుకుంటూ బాగుందంటే బాగున్నట్టు. తాళం అప్పుడే చేతులు మారేది. ఆయన పెదవి విరిస్తే మళ్లీ షెడ్డుకే. దీన్ని అందరూ బ్రిడ్జి చాయ్ అనేవారు.

ఆ వైభోగం ఒక్కరోజులో పోలేదు. ముందు కార్బొరేటర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పొగ నిబంధన మారినప్పుడల్లా ఇంజన్ చుట్టూ ఒక కొత్త పెట్టె, కొత్త సీలు. తర్వాత బ్యాటరీ బండ్లు వచ్చాయి. వాటికి పొగే రాదంటారు. పాల్వంచలో, ఆ బొగ్గు కరెంటు గొట్టాల నీడలో నిలబడి ఈ మాట ఎలా అనగలరో నాకైతే అర్థం కాదు. మక్సూద్ కొడుకు సోహైల్ షెడ్డు ముందు భాగంలో బ్యాటరీ స్కూటర్ల దుకాణం పెట్టాడు. గిరాకీ బాగానే ఉంది. తండ్రి వెనక భాగానికి జరిగాడు.

అక్కడ ఆయనకి మిగిలింది ఒకే ఒక్క కారు, ప్రభాకర్ ఎర్ర కారు. ప్రభాకర్ థర్మల్ ప్లాంటులో పని చేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు షిఫ్టు దిగి నేరుగా షెడ్డుకొచ్చి, మక్సూద్ పక్కన గ్రీజు పూసుకుంటూ ఆ కారుకి రెండు కార్బొరేటర్లు పెట్టించుకున్నాడు. ఇద్దరికీ అది కన్నబిడ్డతో సమానం.

ఆ కారు కాగితాల గడువు ముగిసింది. మళ్లీ రిజిస్టర్ కావాలంటే కొత్తగూడెం దగ్గర మెషిన్ల మీద పరీక్ష నెగ్గాలి. పొగ దగ్గర తప్పితే ఇక తుక్కే.

"ఎట్లనన్న చేసి గట్టెక్కియ్ భాయ్. ఇది పోతే నేను బజార్ల నడిచే ముసలోన్ని, అంతే," అన్నాడు ప్రభాకర్.

"నాకు మాత్రం ఇంకేం ఉంది సారూ? ఇది పోతే షెడ్డుకు నేనెందుకు, నాకు షెడ్డెందుకు?" అన్నాడు మక్సూద్. అది వట్టి మాట కాదు.

జెట్ అని కార్బొరేటర్‌లో చిన్న ఇత్తడి మర ఉంటుంది. దాని చిల్లు ఎంతుంటే పెట్రోలు అంత పోతుంది. మక్సూద్ పెద్ద చిల్లు జెట్లు తీసేసి చిన్నవి బిగించాడు. పెట్రోలు తగ్గితే పొగ తగ్గుతుంది, పరీక్ష నెగ్గుతుంది. కానీ ఆ జెట్లతో బండిని గట్టిగా తోలకూడదు. పెట్రోలు చాలక లోపల వేడెక్కి పిస్టన్ కరిగిపోతుంది. అందుకే తీసిన జెట్లను గుడ్డలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పరీక్ష అయ్యాక షెడ్డుకొచ్చి వెంటనే మార్చేయాలి. ఇదంతా తనకు కొట్టినపిండే.

బయల్దేరే ముందు భార్య తాహెరా విసుక్కుంది. "కుక్కర్ అన్ని కూతలు పెట్టింది. పక్కనే కూసున్నవ్, దించొద్దా?"

"నా చెవి ఇంజన్లకు. నీ కుక్కర్లకు కాదు," అని నవ్వేశాడు.

కారు పరీక్ష నెగ్గింది! ప్రభాకర్ అక్కడే మక్సూద్‌ని కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తిరుగు దారిలో మక్సూద్ స్టీరింగ్ పట్టాడు. పాల్వంచలో షెడ్డు ముందుకొచ్చేసరికి అక్కడ సోహైల్ స్కూటర్లు అడ్డంగా నిలిపి ఉన్నాయి, కొనేవాళ్లు గుంపుగా ఉన్నారు. కారు ఆపడానికి చోటు లేదు. సొంత షెడ్డులోకి పోవడానికి కొడుకు గిరాకీని పక్కకు జరగమనాలా అని మక్సూద్‌కి చుర్రుమంది. అప్పుడే ప్రభాకర్ తొడ చరిచి, "ఆపకు భాయ్! బ్రిడ్జి చాయ్ తాగొద్దా?" అన్నాడు.

మక్సూద్ హారన్ కొట్టి, గుంపంతా తలలు తిప్పేలా రేస్ ఇచ్చి, వాళ్ల ముందు నుంచి దూసుకుపోయాడు. జేబులోని జెట్లు ఆయనకి గుర్తే లేవు.

పెద్దమ్మ గుడి దగ్గర అలవాటుగా నెమ్మది చేశాడు. ప్రభాకర్ దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత అడవి రోడ్డు ఖాళీగా దొరికింది. రెండు కార్బొరేటర్లూ ఒక్కసారిగా గాలి పీల్చుకుంటూ గర్జించాయి. ఎన్నేళ్ల తర్వాతో ఆ గర్జన! మక్సూద్‌కి ఒళ్లు పులకరించింది. మొండికుంట దాటాక ప్రభాకర్ తల వంచి విన్నాడు.

"ఏందో సప్పుడొస్తుంది భాయ్."

"ఏం లేదు. సైలెన్సర్ పట్టీ వదులైనట్టుంది."

"కాదు, ముందట ఇంజన్ల నుంచే వస్తుంది. జర ఆపి చూడరాదు?"

"నీ చెవులు ముసలివైనయ్ సారూ. నాకు వినపడని సప్పుడు నీకు వినపడ్తదా?" అని నవ్వుతూ ఇంకొంచెం తొక్కాడు.

సారపాక ఇంకా రాలేదు. లోపల టప్ మని పగిలిన శబ్దం, వెనక తెల్లటి పొగ, అంతే. కారు రోడ్డు పక్కకు దొర్లి ఆగిపోయింది. మక్సూద్ చేయి దానంతట అదే జేబు మీదికి వెళ్లింది. గుడ్డ మూట తగిలింది. అది తీసి ప్రభాకర్ ముందు పెట్టాడు. ప్రభాకర్‌కి చెప్పనక్కర లేకపోయింది. ఆ షెడ్డులో గ్రీజు పూసుకున్నవాడే కదా.

సోహైల్ బ్యాటరీ ట్రాలీ తెచ్చి తాడు కట్టి లాక్కెళ్లాడు. తండ్రిని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. పిస్టన్లకు చిల్లులు పడ్డాయి, సిలిండర్లు గీరుకుపోయాయి. అలాంటి సామాను ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. విజయవాడ దాకా వెతికారు. చివరికి తుక్కువాళ్లు వచ్చి ఎర్ర కారుని ఎక్కించుకుపోతుంటే ప్రభాకర్ రాలేదు. మక్సూద్ మాత్రం నిలబడి చూశాడు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకి వచ్చి ఊరికే కూర్చునేవాడు. మనసులో ఒక్క మాట పట్టుకుని బతికాడు. జెట్లు మరిచిపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ పిస్టన్ పోయేముందు ఇంజన్ అరుస్తుంది. బాణలిలో శనగలు వేగినట్టు అరుస్తుంది. అప్పుడు రేస్ మీంచి కాలు తీస్తే చాలు, బతుకుతుంది. ఇది అరవలేదు. అరిస్తే నాకు వినపడకుండా ఉంటుందా? చెప్పకుండా చచ్చిపోయింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే చెప్పేవాడు.

వానలు తగ్గాక ఒక పొద్దున ప్రభాకర్ కొత్త బ్యాటరీ కారులో వచ్చాడు. సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని, "పా భాయ్, బ్రిడ్జి చాయ్ తాగి వద్దాం. కట్టుబాటు కదా," అన్నాడు. మక్సూద్‌కి ఇష్టం లేదు. అయినా స్నేహితుడి ముఖం చూసి ఎక్కాడు.

కారు బాణంలా పోయింది. పెద్దమ్మ గుడి దాటాక ప్రభాకర్ ఉండబట్టలేక అన్నాడు.

"బెల్టు పెట్టుకో భాయ్. ఎంతసేపటిసంది మోగుతుంది, నీకు కోపం రాదా?"

"ఏంది మోగేది?"

"బెల్టు పెట్టుకోకుంటే టింగు టింగుమని మోగుతది కదా. నువ్వు ఎక్కినప్పటిసంది మోగుతనే ఉంది. ఇదిగో, ఇప్పుడు గూడ."

మక్సూద్ విన్నాడు. టైర్ల హోరు వినిపించింది. ప్రభాకర్ గొంతు వినిపించింది. ఆ సన్నటి మోత మాత్రం లేదు. ఆయన బెల్టు పెట్టుకున్నాడు. మొండికుంట వచ్చాక అడిగాడు.

"సారూ, ఆ రోజు నీకు వినపడ్డ సప్పుడు ఎట్లుండె?"

"పోనీయ్ భాయ్. అదిప్పుడెందుకు?"

"చెప్పు."

ప్రభాకర్ నసిగాడు. "శనగలు ఏంచినట్టు. గీడ్నుంచే సురువైంది. ఆగేదాకా వస్తనే ఉండె."

మక్సూద్‌కి అర్థమైంది. ఇంజన్ అరిచింది. ఇక్కడి నుంచి, ఆగిపోయేదాకా, కాలు తీయమని అరుస్తూనే ఉంది. కాలు తీయాల్సింది తనే.

నాగక్క వాళ్లను చూసి సంతోషపడింది. గ్లాసులు కడుగుతూ, చేతిలోని చాయ్ తాగకుండా నిలబడ్డ మక్సూద్‌ని అలవాటు కొద్దీ అడిగింది.

"ఏం భాయ్, ఇంజన్ ఎట్ల మోగుతుంది?"

"నన్నడగకు నాగక్కా," అన్నాడు మక్సూద్. "సారునడుగు."