షట్టర్ టీవీకి అంటిన పసుపు

మెదక్‌లో ఎవరి తల పగిలినా కట్టు కట్టేది సిస్టర్ మార్తమ్మే. ఇరవై ఏళ్లుగా దవాఖానలో అదే పని. తాగి కొట్టుకున్నవాళ్లు, పొలం గెట్ల తగాదాల్లో గొడ్డలి దెబ్బలు తిన్నవాళ్లు, అందరూ ఆమె ముందు వరసలో కూర్చున్నవాళ్లే. ఆమె నుదుటి మీది మచ్చ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. కాంట్రాక్టర్ జయానందం భార్య కదా, అందరికీ తెలుసు.

అది తొంభై ఆరు ఎండాకాలం. కేబుల్ వచ్చి ఊళ్లన్నీ కలర్ టీవీలు కొంటున్నాయి. జయానందం ఇంట్లోని పాత షట్టర్ టీవీని, పక్కకు జరిపే చెక్క తలుపులున్నదాన్ని, దొంగలెత్తుకుపోయారు. వారం తిరక్కుండానే అలాంటిదే ఒకటి మేస్త్రి ఎల్లం ఇంట్లో కనబడింది. పోయినదానికి లాగే దానికీ కంపెనీ పేరున్న బిళ్ల ఊడిపోయే ఉంది.

మార్తమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఎల్లాన్ని వాకిట్లో స్తంభానికి కట్టేశారు. పెదవి చీలింది. ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచేతి చిటికెనవేలు పక్కకు వంగిపోయి ఉంది. టీవీ అరుగు మీద ఉంది. జయానందం చేతిలో ఇనుప సలాక.

"నా కింద పనిచేసి నా ఇంటికే కన్నం పెడ్తవారా?"

"నేను దొంగను కాదు సారూ. హవేలిఘనపూర్ల బాత్రూం కట్టిన. కలర్ టీవీ కొన్నమని వాళ్లే గిది ఇచ్చిండ్రు."

"బాత్రూంకే టీవీ ఇస్తే, బంగ్లా కడితే కారిస్తరేమో!" గోడ పక్కనుంచి ఎవరో అన్నారు. చూస్తున్నవాళ్లు నవ్వారు.

"వీని చెయ్యి బండ మీద పెట్టుండ్రి," అన్నాడు జయానందం. "మల్ల తాపీ పట్టొద్దు."

ఇద్దరు కూలీలు ఎల్లం కుడిచేతిని విప్పి బండకు అదిమారు.

"ఆగు," అంది మార్తమ్మ. "మనదో కాదో నన్ను చూడనియ్యి."

"పదేండ్లు చూసిన డబ్బ. నాకు తెల్వదా?"

ఆమె అరుగెక్కి షట్టర్ జరిపింది. చెక్కబద్దల సందుల్లో మాసిన పసుపు. ఆదివారం పొద్దున దేవుళ్ల సీరియల్ వచ్చిన రోజుల్లో జనం టీవీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఊదుబత్తీలు వెలిగించేవాళ్లు. ఆ వేళకు ఈ ఇంటివాళ్లు చర్చిలో ఉండేవాళ్లు.

"ఇది బొట్టు పెట్టిన టీవీ. మనది కాదు."

"గుర్తు పట్టొద్దని వీడే రాసిండు."

మార్తమ్మ సంచిలోంచి కట్లు కోసే కత్తెర తీసి బద్దను గీకింది. ఎండి పగుళ్లిచ్చిన పాత వార్నిష్ పెచ్చు లేచింది. పసుపు దాని కింద ఉంది.

"ఎన్నేండ్ల కిందటిదో. నువ్వే గీకి చూస్కో."

గోడ పక్క నవ్వులు ఆగిపోయాయి. కూలీలు ఎల్లం చేతిని వదిలేశారు.

జయానందం ఎడమచేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఆమె అరుగు మీంచి కింద పడింది. తర్వాత అతను సలాకతో టీవీ మీద పడ్డాడు. మూడో దెబ్బకు పిక్చర్ ట్యూబ్ ఢామ్మని పేలింది. గాజుపెంకు అతని ముంజేతిని మోచేతి దాకా చీల్చింది.

"మార్తా! జల్ది కట్టు కట్టు!"

మార్తమ్మ నోట్లోని నెత్తురు ఉమ్మి లేచింది. సంచి తీసుకుని ఎల్లం దగ్గరికెళ్లి కూర్చుంది. తాళ్లు కోసింది. చిటికెనవేలికి పుల్ల ఆనించి, పక్కవేలితో కలిపి మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది.

"ఏందే, నెత్తురు పోతున్నది నాకు!"

"తువ్వాల ఒత్తి పట్టుకో," అంది తలెత్తకుండా, దవాఖానలో వరసలో ఉన్నవాళ్లతో అన్నట్టే. "నీ వంతు వచ్చినప్పుడు పిలుస్త."