అమ్మ నింపించిన దుప్పటి

మాది నందిగామ. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తున్నా. పోయిన చలికాలం హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి పేరిచ్చా. సామానంతా ఎవరి వీపున వాళ్ళే మోయాలి. అందుకే ఏరికోరి రెండు పల్చటి బాతు ఈకల దుప్పట్లు తెప్పించుకున్నా. చలి పెరిగితే ఒకదాని మీద ఒకటి కప్పుకోవచ్చు, చుడితే చెంబులో పట్టేస్తాయి.

తెల్లారితే రైలు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు దూదేకే మిషను ఆటో ఆగి ఉంది. మేడ మీంచి తెల్లటి ఈకలు ఎగిరొస్తున్నాయి. పైకి పరిగెత్తా. అమ్మ నా దుప్పట్ల కుట్లు విప్పి దులుపుతోంది.

“ఏంటమ్మా ఇది!”

“నిన్ను మోసం చేశారే! లోపల దూదే లేదు, అన్నీ కోడీకలే. మన చేలో పత్తి పెట్టించి, రెండూ కలిపి ఒకటే కుట్టిస్తున్నా. ఇంక చలి ఎట్లా వస్తుందో చూస్తా!”

రెండు చేతులా ఈకలు పట్టుకోబోయా. పట్టుకునేకొద్దీ ఎగిరిపోయి పక్కింటి మిరపకాయల మీద వాలాయి. అమ్మ చెమట తుడుచుకుంటూ సంబరంగా నవ్వుతోంది. తెల్లారితే రైలు, కొత్తవి కొనే టైము లేదు. మెట్ల మీద కూలబడిపోయా.

కొండ మీద అందరికీ చిన్న సంచులు, నా వీపున పరుపు చుట్ట. మంచుకి తడిసిన పత్తి ఎంత బరువో అక్కడే తెలిసింది. సిగ్నల్ తగిలిన చోట అమ్మ ఫోన్.

“వెచ్చగా ఉందా తల్లీ?”

పళ్ళు టకటకలాడుతుంటే, “ఉందమ్మా” అన్నా.

“చెప్పానా! వచ్చేటప్పుడు మీవాళ్ళందరి దుప్పట్లూ పట్టుకురా. పాపం, వాళ్ళవీ నింపించేద్దాం.”