బావ కావలి కాసిన తెల్లగీత

"తమ్మీ, మీ బావ లేస్తలేడు" అని అక్క ఫోన్ చేసింది. పొద్దున సైకిల్ మీద తిరిగొచ్చి, దాన్ని గోడకు ఆనిచ్చి, చాయ్ పెట్టమన్నడట. అక్క చాయ్ తెచ్చేసరికి పానం పోయింది. సిరిసిల్లల వాళ్ల పక్క గల్లీలనే ఉంట నేను. నాకు రాసుడు పెద్దగ రాదు, ఊరి బడిల నేర్చిందే.

బావ సాంచల మీద బట్ట నేసి బతికిండు. ఎవ్వరినీ నమ్మెటోడు కాదు. ఒకప్పుడు రోడ్డు వెడల్పని గోడకు ఎర్రగుర్తు పెట్టి, అరుగు కూలగొట్టి పోయిండ్రు. ఇగ రోడ్డు మీదికి మిగిలింది ముందటర్ర, ముందటి గది. ఇద్దరు పండేది దాంట్లనే. అప్పటిసంది ఎవలన్న రంగు డబ్బా పట్టుకొని కనవడితే ఆయనకు బువ్వ పోకపోయేది.

ఈమధ్య రోడ్డు పొంటి తెల్లగీత గీసిండ్రు. లోపలి జాగ నడిచెటోళ్లకు, సైకిళ్లకట. బావ నన్ను పిలిచి మెల్లగ అన్నడు.

"బామ్మర్ది, మనం నడవాలెనని వాళ్లకు గంత ప్రేమ, పావురమెందుకు? గిది ముందటర్రకు పెట్టిన గుర్తే."

నాకూ గట్లనే అనిపించింది.

తెల్లారి మూలకున్న సైకిల్ తీసిండు. గీత జరిగిందా, ఎవరింటి ముందటన్న వంకర తిరిగిందా అని రోజూ దాని పొంటి తొక్కుకుంట చూసొచ్చేటోడు. దాని మీద ఎవలన్న బండి పెడితే, గీత కనవడకపోతే ఈసారి ఇంకింత లోపలికి గీస్తరని బెదిరిచ్చేటోడు. అందరియి రోడ్డు పక్క ఇండ్లే. గమ్మున తీసేటోళ్లు.

జాగ ఖాళీ అయితే బడిపిల్లలు, బీడీలు ఇయ్యవోయే ఆడోళ్లు గా దారే పట్టిండ్రు. లారీలకు జడిసి ఇల్లు కదలని అక్క కూరగాయలకు నడిచిపోవట్టింది. రోజూ సైకిల్ తొక్కవట్టి బావకు ఎప్పటిసందో ఉన్న ఆయాసం తగ్గింది. డాక్టర్ ఒక గోలీ బంద్ చేస్తే దాని మీద సుత అనుమానమే. మందులు రాసెటోడు మందు ఎందుకు ఆపుతడని నన్నడిగిండు.

ఇంతవరకు ఎవ్వలు రాలేదు గద, ఇంకా కావలెందుకని ఓపాలి అడిగిన.

"నేను తిరుగవట్టే వాళ్లు రాలేదు" అన్నడు. నవ్వినట్టే అనిపించింది. ఆయన సంగతి చెప్పలేం.

సాగనంపిన నాడు జనం బండ్ల మీద చానమంది వచ్చిండ్రు. ఒక్క బండి గీత మీద లేదు. పాడె గీత లోపటికెల్లే పోయింది. లారీలు పక్కపొంటి పోయినయ్, జరగుమని ఎవ్వలూ హారన్ కొట్టలేదు.

రంగు చెరిగిపోతున్నది. మల్ల గీయనీకి వస్తరట. ఏడ గీస్తరో. పొద్దున బావ సైకిల్ నేనే తీస్తున్న. తిరిగొచ్చేసరికి అక్క ముందటర్ర గడపల కూసొని, చాయ్ గిలాస మీద మూత పెట్టి, గీత పొంటి చూస్తుంటది.