వెయిన్‌రైట్ బండికి కడసీల

సుంకరి హన్మాండ్లుకు తన ఇంటిపేరు అర్థం నలభై ఒకటో ఏట గాని తెలియలేదు. తెలిసింది కూడా జగిత్యాల దగ్గరి తన ఊళ్లో కాదు, ఖతార్ దేశంలోని అల్ రయ్యాన్‌లో, సగం కట్టిన స్టేడియం మెట్ల మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో. అప్పటిదాకా ఇంటిపేరంటే పాస్‌పోర్టులో ఒక గడి నింపడానికి పనికొచ్చే మాట, అంతే.

కంపెనీ లెక్కలో అతను కార్పెంటర్. హైదరాబాద్ అపార్టుమెంట్లకు సెంట్రింగ్ చెక్కలు కొట్టి నేర్చుకున్న పని. కాంక్రీటు పోయడానికి పెట్టె కట్టడం, గట్టిపడ్డాక పెట్టె ఊడదీయడం. అతను చేసిందేదీ నిలవదు. నిలిచేది కాంక్రీటు. చెక్క మాత్రం మేకుల గాయాలతో ఓ మూల గుట్టపడి ఉంటుంది.

అదే రూములో, అతని పై మంచం మీద మారుతి ఉండేవాడు. కోరుట్ల వైపు మనిషి, హన్మాండ్లుకంటే ఆరేడేళ్లు పెద్ద. తాతముత్తాతల నుంచి బండ్లు చేసిన వడ్లవాళ్ల ఇంట పుట్టాడు. కాని ఏజెంటు దగ్గర దొరికింది హెల్పర్ వీసా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. వీసాలో ఏ పని రాసి ఉంటే చేతులకు ఆ పనే వచ్చని కంపెనీ నమ్మకం. అందుకని మారుతి చెక్కలు మోసేవాడు. హన్మాండ్లు కొట్టేవాడు. హన్మాండ్లు కొట్టిన మేకు వంకర పోతే మారుతి మొహం తిప్పుకునేవాడు, చిన్నపిల్ల పడిపోతుంటే చూడలేనట్టు.

ఆ ఏడు జులైలో, మధ్యాహ్నం ఎండకు పని ఆపేసే వేళ, విశ్రాంతి షెడ్డులోకి సేఫ్టీ ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. అరవై దాటిన ఇంగ్లీషువాడు. పేరు వెయిన్‌రైట్. హెల్మెట్ తీస్తే నుదుటి మీద ఎర్రటి గీత, అస్తమించడం మరిచిపోయిన సాయంత్రంలా. పక్కన హైదరాబాద్ నుంచి వచ్చిన టైమ్‌కీపర్ గౌస్ మొహియుద్దీన్, అన్ని భాషల్ని కలిపి వడ్డించే మనిషి.

ఎవరో సార్ పేరుకు అర్థమేమిటని అడిగారు. ఆయన మెల్లగా చెబుతుంటే గౌస్ తెలుగు చేశాడు.

"వెయిన్ అంటే ఎన్కటి ఇంగ్లీషుల బండి అంట. రైట్ అంటే జేసేటోడు. ఏడెన్మిది వందల ఏండ్ల కింద సార్ ముత్తాతల ముత్తాత ఒకడు బండ్లు జేసిండు. ఊళ్లె జాన్‌లు నలుగురుంటే పన్ను రాసేటోనికి తెల్వాలె గద, ఏ జాన్ అని. బండ్ల జాన్ అని రాస్కున్నడు. గా పేరే కొడుకులకు గూడ అంటుకున్నది."

"కొడుకులు గూడ బండ్లే జేసిన్రా?" అన్నాడొకడు.

వెయిన్‌రైట్ నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్ వైపు, ఆ పేరువాళ్లు వేలల్లో ఉంటారట. దక్షిణానికి పోతున్నకొద్దీ పలచబడతారట. ఓడలెక్కి ఆస్ట్రేలియా, కెనడా పోయినవాళ్లూ ఉన్నారట. ఆయన తాత మాత్రం బొగ్గు తవ్వాడు. తండ్రి బస్సు నడిపాడు. "మా ఇంట్లో ఇప్పుడు మేకు కొట్టడం తెలిసినవాడు ఒక్కడూ లేడు. పేరు మాత్రం చెక్క వాసన కొడుతుంటుంది" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, మీలో బండ్లు చేసే ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

షెడ్డు మూలన మారుతి మొహం మీద తువ్వాలు కప్పుకొని పడుకొని ఉన్నాడు.

"నేనే సార్" అన్నాడు హన్మాండ్లు.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఆ ముసలి కళ్లలోని ఆశకు ఎవరో ఒకరు అవునని చెప్పాలనిపించి ఉంటుంది. ఒకసారి అన్నాక మాటలు వాటంతటవే వచ్చాయి. తాత తెల్లవారుజామున ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించేవాడని, పిల్లలంతా చెంబులతో నీళ్లు పోస్తే పొగమంచులాంటి ఆవిరి లేచేదని, ఆ ఆవిరిలో తాత కనబడక గొంతు మాత్రమే వినిపించేదని చెప్పాడు. గౌస్ ఒక్కొక్క మాటే ఇంగ్లీషు చేశాడు. వెయిన్‌రైట్ కన్నార్పకుండా విన్నాడు.

అన్నీ నిజాలే. రెండేళ్లుగా పై మంచం మీది నుంచి రాలిపడిన మాటలు. హన్మాండ్లువి మాత్రం కావు.

మారుతి తువ్వాలు కదలలేదు. ఆ సాయంత్రం క్యాంపులో, రొట్టెలు కాల్చుకునే వరుసలో నిలబడి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "ఏం తమ్మీ, మా తాత మంచిగనే ఉన్నడా మీ ఇంట్ల?"

హన్మాండ్లు వరుసలో ఒక అడుగు ముందుకు జరిగాడు. "నోరు జారిందన్నా. రేపు పోయి చెప్త."

"చెప్పు. నాకేమున్నది."

చెప్పలేదు. మర్నాడు వెయిన్‌రైట్ తనే వచ్చి, నాకో చిన్న బండి చేసిపెడతావా, పని మానేసి ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోతాను అని అడిగాడు. హన్మాండ్లు తల నిలువుగా ఊగింది.

మళ్లీ మారుతి దగ్గరికే పోవలసి వచ్చింది. తిడతాడనుకున్నాడు. మారుతి తన అరచేతులు చూసుకున్నాడు.

"ఉలి తెచ్చిస్తవా?" అన్నాడు.

"తెస్తనన్నా."

"అయితే జేస్త. కని ఒక్క మాట. బండి నడవాల్నంటే ఇరుసు కొనకు కడసీల ఉండాలె. సీల లేకుంటే చక్రం ఊడి పోతది. మా ఇంట్ల బండి జేసినోడే, బండి తీసుకునేటోని ముందర, ఇంటిపేరు జెప్పి, తన చేత్తోటి సీల పెడ్తడు. అప్పుడే అది వాని బండి అయితది. నన్ను తీస్కపోవాలె."

"తీస్కపోతనే. నీ మీద ఒట్టు."

కట్టె కూడా మారుతే సంపాదించాడు. అంతకుముందు నెల కంచె పని మీద ఉత్తరపు తీరాన అల్ రువైస్ పోయినప్పుడు, రేవు పక్కన విప్పేసిన పాత చేపల పడవ నుంచి ఒక ముసలి జాలరి ఇచ్చిన టేకు ముక్క. ఎన్నేళ్ల ఉప్పు తాగిందో, ఉలి తగిలితే సముద్రం వాసన వేసేది. అందులో దిగి ఉన్న రెండు తుప్పు మేకులను బయటికి లాగి, సాగగొట్టి, అరగదీసి సీలలు చేశాడు. వాటిని తువ్వాలు కొసన ముడివేసుకున్నాడు.

నలభై మధ్యాహ్నాలు పట్టింది. చెక్కల గుట్ట వెనుక నీడలో మారుతి చేసేవాడు. హన్మాండ్లు కాపలా. చపాతీ అంత చక్రాలు రెండు, ఒక్కోదాని అంచు చుట్టూ ఆరు పూటీ ముక్కలు, నడుమ నుంచి అంచుకు పన్నెండు ఆకులు. మారుతి ఆకు చెక్కుతుంటే ఆ చుట్టూ ఎండ కూడా గొంతు తగ్గించినట్టుండేది. చెక్కలు మోసి మొద్దుబారిన ఆ వేళ్లు తమ చిన్ననాటి ఊరికి పోయి తలుపు తట్టి వస్తున్నట్టుండేవి.

ఒకనాడు చెక్కల వెనుక బూట్ల చప్పుడైంది. హన్మాండ్లు మారుతి చేతిలోంచి ఉలి లాక్కొని, బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. వెయిన్‌రైట్ తొంగిచూశాడు. హన్మాండ్లు చేతిలో ఉలి, పక్కన చెత్త ఎత్తుతున్నట్టు నిలబడ్డ మారుతి. ముసలాయన బొటనవేలు పైకెత్తి చూపి నవ్వుతూ పోయాడు.

మారుతి చేయి ఉలి పట్టుకున్న తీరుగానే గాలిలో ఉండిపోయింది. "నెత్తురొచ్చింది" అన్నాడు. లాక్కున్నప్పుడు అతని వేలు తెగింది. కోపమేమీ లేదు ఆ గొంతులో. కోపముంటే హన్మాండ్లు తేలికగా ఊపిరి పీల్చుకునేవాడు.

ఆగస్టు ఆఖర్లో బండి పూర్తయింది. ఇచ్చేనాడు మారుతికి పై మెట్ల మీద డ్యూటీ పడింది. సాయంత్రం దాకా ఆగితే ఇద్దరూ పోవచ్చు. కాని పొద్దున్నే గౌస్ వచ్చి, "సార్ పిలుస్తుండు, యల్లా, బండి పట్టుకొని రా" అన్నాడు. హన్మాండ్లు పైకి చూశాడు. మెట్ల మీద మారుతి చీమంత కనిపించాడు. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరమే.

పిలవలేదు. సైటు మేకులు రెండు తీసుకొని ఇరుసు కొనలకు కొట్టి, కొనలు మడిచి, ఒంటరిగా ఆఫీసు క్యాబిన్‌కు పోయాడు.

వారం తిరక్కుండా వెయిన్‌రైట్ మాట మీద హన్మాండ్లును జాయినరీ షాపుకు మార్చారు. ఏసీ షెడ్డు, తలుపులకు పాలిష్ పని, అక్కడ ఉన్నది ఒక్కటే ఖాళీ. ఫోన్లో భార్య గంగామణి మురిసిపోయింది: "దుబాయ్ల చల్లగ కూసోని పనంట గద! మా అన్నతోని చెప్పిన, మా ఆయన పనితనం ఇంగ్లీషోళ్లే మెచ్చిన్రని." ఊళ్లోవాళ్లకు గల్ఫంతా దుబాయే. అతను ఊఁ అన్నాడు.

మారుతి ఇరుసుకు ఏం కొట్టావని కూడా అడగలేదు. రూములో కథలు చెప్పడం మాత్రం మానేశాడు. పై మంచం నుంచి రాలే మాటలు ఆగిపోయాక గది ఎంత ఖాళీదో తెలిసింది. అతని తువ్వాలు కొసన ముడి అలాగే ఉండేది. ఉతుక్కునేటప్పుడు విప్పి, ఆరాక మళ్లీ వేసుకునేవాడు. హన్మాండ్లు చల్లటి షెడ్డులో తలుపులకు రంగు పూస్తుంటే, కిటికీ అవతల తెల్లటి ఎండలో మెట్ల మీద ఒక తువ్వాలు కదిలేది. ఆ కిటికీ వైపు వీపు పెట్టి పని చేయడం నేర్చుకున్నాడు. వీపుకూ కళ్లుంటాయని ఆ చలికాలమే తెలిసింది.

ఏప్రిల్‌లో దుమ్ముగాలి వీచిన రోజు వెయిన్‌రైట్ హన్మాండ్లును పిలిపించాడు. ఆయన పని ముగిసింది. రెండు గంటలకు కారు వస్తుంది. బల్ల మీద అట్టపెట్టె, దాని పక్కన బండి. పెట్టెలో పెట్టేముందు ఆయన బండిని తిరగేసి, పెన్ను అందించాడు.

"కింద నీ ఇంటిపేరు రాయమంటుండు" అన్నాడు గౌస్. "మన తెలుగుల్నే. వాళ్ల ఊళ్లె వెయిన్‌రైట్లందరు ఏడాదికోసారి కలుస్తరంట. నడుమ బల్ల మీద పెడ్తడంట. మా పేరుకు బండి దొరికింది, జేసినోని పేరు గూడ ఉండాలె అంటుండు."

పెన్ను కట్టెకు ఆనించాడు హన్మాండ్లు. సుంకరి అని రాస్తే అబద్ధం. వడ్ల అని రాసి పక్కన తన పేరు పెడితే అంతకంటే పెద్ద అబద్ధం. చేయి తనకు తానే కదిలింది. వడ్ల మారుతి. పడవ చెక్క మీద సిరా కొద్దిగా పాకింది. ముసలాయనకు తెలుగు రాదు. గౌస్‌కు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నిజం రాసేశాను, ఎవరికీ తెలియదు, ఇక చాలు అనుకున్నాడు.

వెయిన్‌రైట్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే తడుముతూ, అది తనకు తెలిసిన పేరే అనుకొని, ఎంతో ప్రేమగా చదివాడు.

"హన్... మాండ్... లూ."

హన్మాండ్లు పెన్ను బల్ల మీద పెట్టాడు. "కాదు సార్" అన్నాడు. గౌస్ వైపు తిరిగాడు. "గౌస్ భాయ్, చెప్పు సార్‌కు. అది నా పేరు కాదు. బండి నేను జెయ్యలే. తాత గూడ నా తాత కాదు. అన్ని మారుతియి. నేను ఉలి గుంజుకున్న, గంతే."

"అరె, ఇప్పుడెందుకు భాయ్? రెండింటికి పోతడు ముసలోడు."

"చెప్పు భాయ్."

గౌస్ చెప్పాడు. అన్నీ కలిపి వడ్డించే మనిషి ఆ ఒక్కసారి ఏమీ కలపలేదు. వెయిన్‌రైట్ హన్మాండ్లును చూశాడు. బొటనవేలు ఎత్తి మెచ్చుకున్నప్పటి వెలుగు ఆ కళ్లలోంచి, సాయంత్రం గోడ మీది ఎండలా, మెల్లగా దిగిపోయింది. తర్వాత హెల్మెట్ పెట్టుకొని, బండిని రెండు చేతుల్లోకి ఎత్తుకొని, మారుతి ఎక్కడ అని అడిగాడు.

నూటపాతిక మెట్లు ఎక్కారు. మారుతి చెక్కల మోపు దించి నిలబడ్డాడు. గౌస్ జరిగింది చెబుతుంటే చెబుతున్నది బండే అన్నట్టు అతను దానివైపే చూశాడు. దగ్గరికి వచ్చి, వంగి, ఇరుసు కొనలను తాకాడు. మడిచిన మేకులు. సుత్తి వెనుక కొనతో రెంటినీ పీకేశాడు. తువ్వాలు ముడి విప్పాడు.

"మాది వడ్లోల్ల ఇల్లు" అన్నాడు బండితో, గాలితో, ఎదురుగా ఉన్న ముసలాయనతో. సీలలు పెట్టాడు. చక్రాన్ని వేలితో తిప్పాడు. దుమ్ములో అది చప్పుడు లేకుండా తిరిగింది.

"వెయిన్‌రైట్" అన్నాడు ఇంగ్లీషువాడు, తన గుండె మీద చేయి పెట్టి కాదు, మారుతి భుజం మీద పెట్టి.

జాయినరీ షాపులో ఆ చోటు మారుతికి ఇప్పించడం ఇప్పుడు తన చేతిలో లేదని, అయినా రాసిపెట్టి పోతానని చెప్పాడు. మారుతి సరే అన్నట్టు తల ఊపాడు. పోతూపోతూ వెయిన్‌రైట్ హన్మాండ్లు దగ్గర ఆగాడు. అయితే నీ ఇంటిపేరేమిటి, దాని అర్థమేమిటి అని అడిగాడు.

"సుంకరి సార్. అర్థం నాకు తెల్వది."

"నాకు తెల్సు" అన్నాడు మారుతి. "మా తాత చెప్తుండె. ఎన్కట సంతకు పోయే బండ్లను ఆపి, సర్కారుకు సుంకం తీసుకునేటోల్లు. గదొక కొలువు సార్. తప్పు పనేం కాదు."

ఎగతాళి లేదు ఆ గొంతులో. లేనందుకే హన్మాండ్లు తల ఎత్తలేకపోయాడు. వెయిన్‌రైట్, గౌస్ మెట్లు దిగిపోయారు. బండి ముసలాయన చంకలో, చక్రం ఆకుల సందుల్లోంచి ఎండ పడి లేస్తూ, చిన్నదై, కనబడకుండా పోయింది.

"అన్నా" అన్నాడు హన్మాండ్లు.

మారుతి ముడి లేని తువ్వాలును తలకు చుట్టుకున్నాడు. చెక్కల మోపు భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ మేకులు రెండు ఏరు తమ్మీ. కాల్లకు గుచ్చుకుంటయి ఎవనికన్న."

హన్మాండ్లు మోకాళ్ల మీద కూర్చొని వెతికాడు. ఒకటి వెంటనే దొరికింది. రెండోది దుమ్ములో ఎక్కడో పడి ఉంది. కింద ఏసీ షెడ్డులో అతని డ్యూటీ మొదలయ్యే గంట మోగింది. అతను అరచేత్తో నేలను తడుముతూనే ఉన్నాడు.