కరెంటు పోయాక తిరిగిన పళ్లెం

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. మీరు నమ్మకపోయినా ఏమీ అనుకోను. చాలా ఏళ్లు నేనే నమ్మలేదు.

రెండువేల అయిదో, ఆరో. కుప్పంలో రీసెర్చ్ చేస్తున్నాను. వేసవి సెలవులు. హాస్టల్లో మా అంతస్తు మొత్తానికి నేనొక్కదాన్నే. వంట మనిషి కూడా ఊరెళ్లిపోయింది.

నా పని... రాగి, తగరం లవణాలను గ్లైకాల్ అనే చిక్కటి ద్రవంలో కరిగించి మైక్రోవేవ్‌లో వేడి చేయడం. రెండు లోహాల పరమాణువులూ ఒక క్రమంలో అమరితే కంటికి ఆనని స్ఫటికాలు వస్తాయి. ఏడాదిన్నరగా నాకు రాలేదు. ప్రతిసారీ రాగి వేరు, తగరం వేరు. ఈ నెల కూడా రాకపోతే ఆ అంశం వదిలేయమని మా గైడ్ చెప్పేశారు.

పగలంతా కరెంటు కోతలు. అందుకే రాత్రిపూట ల్యాబ్‌కు వెళ్లేదాన్ని.

ఆ రోజు పదకొండు దాటింది. బీకరు మైక్రోవేవ్‌లో పెట్టి టైమరు ఆరు నిమిషాలకు తిప్పాను. గుయ్‌య్... మని మొదలైంది. నిమిషం కూడా కాలేదు... టప్. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. కటిక చీకటి.

ఒక్క శబ్దం మాత్రం ఆగలేదు.

గర్... గర్... గర్... మైక్రోవేవ్ లోపలి గాజు పళ్లెం తిరుగుతోంది. నెమ్మదిస్తుందేమోనని విన్నాను. నెమ్మదించలేదు. తడుముకుంటూ వెళ్లి ప్లగ్గు పీకేశాను. వైరు నా చేతిలోనే ఉంది...

గర్... గర్...

పరిగెత్తాలి కదా? పరిగెత్తలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. చివరికి... టింగ్. ఆగిపోయింది.

కరెంటు వచ్చాక తలుపు తీశాను. నల్లటి ద్రవం... ఇంకా కుతకుతమంటోంది.

ఆ పొడిని బెంగళూరుకు ఎక్స్‌రే పరీక్షకు పంపాను. స్ఫటిక నిర్మాణంలో ఎక్కడా తేడా లేదు. రాగి, తగరం... ఏది ఉండాల్సిన చోట అది. అవే కొలతలతో మళ్లీ ఎన్నిసార్లు చేశానో! రాలేదు. మళ్లీ చేసి చూపించలేనిది థీసిస్‌లో ఎలా రాస్తాను? అంశం మార్చుకున్నాను.

తర్వాత మదనపల్లెలో లెక్చరర్‌గా చేరాను. ఓ సాయంత్రం పుంగనూరు బస్టాండులో మా ల్యాబ్ పాత వాచ్‌మన్ మునెప్ప కనిపించాడు. సోమల బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

“బాగుండావామ్మా? ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దు రాత్రి కరెంటు పోతే, నీకు టార్చి ఇద్దామని పైకొస్తి. నువ్వు ఎవురితోనో మాట్లాడతా ఉంటివి. సరే, తోడుండారులే అని కిందికి ఎల్లిపోతి.”

“ఎవరితో, మునెప్పన్నా?”

“నాకేం తెలుసు? లోపలికి తొంగి సూళ్లేదు. నువ్వయితే నవ్వతా ఉంటివి.”

అంతలో బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో వారాల తరబడి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నవ్వడం అసలే లేదు. కానీ స్టూలు మీద కూర్చున్న ఆ కాసేపు... అది మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు.